ఆదోని కొండ మీద నేర్చుకున్న పాఠము



మన కర్నూలు, కడప సీమలో చాలా ఊళ్ళకు కనుచూపు మేరలో ఏదో ఒక కొండ ఉంటుంది. తూర్పున నల్లమల, మధ్యన ఎర్రమల, కడప వైపు లంకమల, పాలకొండలు. పడమరకు, ఆదోని వైపుకు వస్తే నల్లరేగడి చేల నడుమ బండ మీద బండ పేర్చినట్టుండే రాతికొండలు. చిన్ననాటి నుండి వాటిని చూస్తూనే ఉంటాము గాని, శిఖరము దాకా ఎక్కినవారు మనలో కొద్దిమందే. కొన్ని సంవత్సరముల క్రితము స్నేహితులతో కలిసి అట్టి ఒక కొండను ఎక్కాము. ఆ ప్రయాణమును గూర్చి, అందులో మేము చేసిన తప్పును గూర్చి దాచకుండా వ్రాస్తున్నాము. సెలవులలో మీ పిల్లలు కొండకు బయలుదేరితే, ముందుగా దీనిని చదివి వినిపించండి.

ఏడుగురము బయలుదేరాము

మేమందరము నలభై దాటినవారము, ఒకప్పుడు ఒకే హాస్టలులో పెరిగినవారము. ఇద్దరము సేవకులము, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకాయన ఆర్టీసీ కండక్టరు, ఒకాయన పత్తి మిల్లులో పని, ఒకాయనకు కిరాణా కొట్టు. ఆదోని కోట ఎక్కుదామని అనుకొన్నాము.

ఆదోని కోట ఒక్క కొండ మీది కోట కాదు. కొన్ని కొండలను కలుపుతూ గోడలు కట్టినారు. వాటిలో బారాకిల్లా, తాలిబండ ఎత్తైనవి. చుట్టూ ఉన్న నేల కంటె సుమారు 800 అడుగుల ఎత్తు. విజయనగర రాజుల కాలములో ఇది గట్టి కోట. తరువాత బీజాపూరు సుల్తానులు, మొగలులు, నిజాము దీనిని ఏలినారు. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి పట్టుకొన్నాడు. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషువారికి ఇచ్చివేసినప్పుడు ఆదోని కూడ వారి పాలనలోనికి వెళ్ళింది. ఎంతమంది రాజులు మారినా, కొండ సగములో ఎన్నడూ ఎండదని పేరు పొందిన కోనేరు ఒకటి ఉన్నది. నీటి కొరకు మొగము వాచిన ఈ సీమలో ఆ కోట నిలిచినది గోడల వలన మాత్రమే కాదు, ఆ నీటి వలన కూడ అని మాకు తోచింది.

తెల్లవారకముందే ఎక్కాలని ముందు అనుకొన్నాము. ఒకాయన ఆలస్యముగా వచ్చాడు. అందరమూ ఉగ్గాని, బజ్జీ తిన్నాము. మాటలలో పడ్డాము. కొండ మొదటికి చేరేసరికి ఎనిమిదిన్నర అయినది. అది ఏప్రిల్ నెల.

వెనుకబడిన స్నేహితుడు

కిరాణా కొట్టు స్నేహితుడు మొదటి నుండి వెనుకనే ఉన్నాడు. ఆయనకు బి.పి. ఉన్నది, మాత్రలు వాడుతున్నాడు. ఆయన కూర్చొన్నప్పుడెల్లా మా కండక్టరు "రైట్ రైట్" అని కేక వేసేవాడు. అందరమూ నవ్వేవాళ్ళము, ఆయన కూడ నవ్వుతూ లేచేవాడు. కోనేరు దాటిన తరువాత ఒక బండ నీడను కూర్చొని, "మీరు పోండబ్బా, నేను నిదానంగా వస్తా" అన్నాడు. సగము సీసా నీళ్ళు ఆయన చేతికిచ్చి మేము ముందుకు సాగిపోయాము.

పై నుండి చూస్తే ఆదోని పట్టణము, పాత జామియా మసీదు, పత్తి మిల్లులు, వాటి అవతల ఆకాశము అంటేదాకా చేలు. వానలు తప్పిన ఏడు ఈ పల్లెల నుండే కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, పిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు వైపు మిరపకాయలు కోయుటకు, పత్తి తీయుటకు సుగ్గికి పోతారు. ఆ చేలను చూస్తూ, ఫోటోలు తీసుకొంటూ ముక్కాలు గంట గడిపాము. ఇంకా ఒకరు రాలేదన్న సంగతి అప్పుడు గాని మాకు గుర్తు రాలేదు.

క్రిందికి దిగి చూస్తే, మేము వదిలిన చోట ఆయన లేడు. పది గజముల అవతల, ఎండలో పడి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతున్నది, చెమట లేదు, మాటలకు పొంతన లేదు. గొర్రెలు కాసే ఒక ముసలాయన తన కంబళి నీడ పట్టి, తన క్యానులోని నీళ్ళు ఆయన తల మీద, ఒంటి మీద పోస్తూ ఉన్నాడు. మేము సీసా తీసి నోటిలో నీళ్ళు పోయబోతే, పొరబోతుందని ఆపినాడు. తరువాత మా వైపు తిరిగి, "ఏం సామీ, అలిసిన గొర్రెను ఆడ్నే ఇడిసిపెట్టి మందను తోలకపోతారా ఎవరైనా?" అన్నాడు. మాలో ఎవ్వరికీ నోట మాట రాలేదు.

తడి తువ్వాలు కప్పి, మార్చి మార్చి మోసుకొంటూ దించాము. 108 అంబులెన్సులో ఆసుపత్రికి చేర్చాము. దేవుని దయ వలన బ్రదికినాడు. ఆసుపత్రికి పరుగున వచ్చిన ఆయన భార్య మమ్మును తిట్టలేదు. "అందరూ కలిసే పోయినారు గదా అయ్యగారూ?" అని మాత్రము అడిగింది. ఆ ప్రశ్నకు మా యొద్ద ఈనాటికిని జవాబు లేదు.

గొప్ప శిఖరములు, చిన్న కొండలు

మన తెలుగువారిలో గొప్ప పర్వతారోహకులు ఉన్నారు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా బాలుడు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినారు. అప్పటికి పూర్ణకు 13 సంవత్సరముల 11 నెలలు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి, నెలల తరబడి అభ్యాసము చేసి వెళ్ళిన పిల్లలు వారు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల శిఖరములను 172 రోజులలో ఎక్కిన ఘనుడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. అంతటి నేర్పరికే కొండ యెదుట ప్రాణము చిన్నదైనప్పుడు, ఫలహారము తిని బయలుదేరిన మావంటివారి సంగతి ఏమి చెప్పాలి?

కొండ పైన చల్లగా ఉంటుందని అనుకొంటాము. వెయ్యి మీటర్లు ఎక్కితే గాని సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గదు. ఆదోని వంటి కొండ మీద తగ్గేది ఒకటిన్నర డిగ్రీ. పైగా ఎండకు కాగిన బండలు ఆ వేడిని మన మీదికే కొడతాయి.

కాబట్టి వేసవిలో కొండ మానుకొని, చలికాలములో వెళ్ళండి. తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలలోపు దిగండి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ ఉండాలి. బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. కొన్ని బి.పి. మాత్రలు ఒంటిలోని నీటిని తగ్గిస్తాయి. బండలకు పెద్ద తేనెపట్టులు ఉంటే పొగ పెట్టవద్దు, రాళ్ళు వేయవద్దు. నల్లమల, లంకమల అడవులలో అటవీశాఖ అనుమతి లేకుండ అడుగు పెట్టవద్దు. ఎవరికైనా ఒళ్ళు కాలి మాట తడబడితే, నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ వెంటనే 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారి నోటిలో నీళ్ళు పోయవద్దు.

అన్నిటికంటె ముఖ్యమైనది, మెల్లగా నడిచేవారిని ముందు ఉంచండి, బలమైనవారు వెనుక నడవండి. యాకోబు తన అన్న ఏశావుతో కలిసి పోలేనని చెప్పిన కారణము మీకు జ్ఞాపకమే గదా. పిల్లలు పసివారు, పాలిచ్చే గొర్రెలు, పశువులు తనతో ఉన్నవి, ఒక్క దినము వడిగా తోలితే మంద అంతా చచ్చిపోతుంది, కాబట్టి వారి నడకకు తగినట్టు మెల్లగా వస్తానన్నాడు. ఈ మాటను మేము ఎన్నోసార్లు చదివినాము. ఆ గొర్రెల కాపరి అడిగినాకనే అర్థమైనది.

మరల కొండకు

మరుసటి సంవత్సరము జనవరిలో, డాక్టరు సరేనన్న తరువాత, మరల ఏడుగురము వెళ్ళాము. ఈసారి కిరాణా కొట్టు స్నేహితుడు ముందు, కండక్టరు అందరికంటె వెనుక. ఆయన కూర్చొన్నప్పుడు మేమూ కూర్చొన్నాము. ఆయన తానుగా లేచేదాకా "రైట్ రైట్" వినబడలేదు. "అందరూ ఎక్కకుండా కండక్టరు బస్సు కదిలించకూడదు, ఆ పొద్దు మరచిపోయినా" అన్నాడు మా కండక్టరు మెల్లగా.

కోనేరు దాకా వెళ్ళేసరికి ఆయన అలసిపోయాడు. అక్కడనే సద్దిమూటలు విప్పి, జొన్నరొట్టె, శనగపొడి తిన్నాము. పైకి పోదామని ఎవ్వరమూ అనలేదు. ఆ దినమున శిఖరము చూడలేదు గాని, ఏడుగురము వెళ్ళి ఏడుగురము మా కాళ్ళ మీద మేమే నడిచి దిగినాము.

సాయంత్రము ఆయన ఇంటి ముందు ఆయనను దింపినప్పుడు భార్య గడపలో నిలిచి ఉన్నది. ఏమియు అడగకుండ లోపలికి వెళ్ళి, అందరికీ టీ తెచ్చింది.