లక్కపిడతలూ పెన్నేటి ఒడ్డూ

నేలమీద పడిన శిశువునకు మొట్టమొదట తొడుగు వస్త్రము క్రొత్తది కారాదను నియమము తెలుగునాట బహుకాలముగా కలదు. నిండు నూరేండ్లు బ్రతికిన జేజి కట్టి విడిచిన నూలుచీరయో, ఆరోగ్యముగా పెరిగిన మేనత్త బిడ్డ తొడిగిన చిన్న జుబ్బాయో తెచ్చి, వేడినీళ్లలో ఉడికించి, ఎండలో ఆరవేసి, దానితోడనే బిడ్డను పొత్తిళ్లలో చుట్టుదురు. దీర్ఘాయువు వస్త్రము వెంట సంక్రమించునను విశ్వాసము దీనికి పైకి చెప్పు కారణము. గంజి వదలి, ఎన్నో ఉతుకులకు ఓర్చి మెత్తబడిన నూలుకన్న లేత చర్మమునకు హితమైనది మరియొకటి లేదను అనుభవము లోపలి కారణము.

ఆ వస్త్రము అక్కడితో ఆగదు. చీర పొత్తిగుడ్డలగును, పొత్తిగుడ్డలు చిరుగగా నాలుగు పొరలు పేర్చి కుట్టిన బొంతయగును, బొంత చీకిపోయిన పిదప పొయ్యికడ మసిగుడ్డగా మారి, తుదకు పేడదిబ్బలో పడి, రెండు వానలకు మన్నై, ఎరువుబండితోపాటు చేనికి చేరును. ఆడపిల్లకు పావడ కుట్టించునప్పుడు "పెరిగే పిల్లప్పా, మడత ఎక్కువ పెట్టు" అని దర్జీకి చెప్పని తల్లి లేదు. అంచునకు పైన లోపలికి మడిచి కుట్టిన ఆ మడతను ఏటికొకసారి అంగుళము చొప్పున విప్పుచు పోగా, ఎండ తగులక దాగియున్న పట్టీ తక్కిన బట్టకన్న ముదురు రంగుతో బయటపడుటచేత, పిల్ల ఏయేట ఎంత పెరిగినదో ఆ పావడమీది గీతలే చెప్పుచుండును. నేడు నగరములలో 'వింటేజి' అను పేర గాజు బీరువాలలో అమర్చి చూపుచున్న పిల్లల పాతబట్టలలో నా మట్టుకు చూడదగినది ఈ మడతయే గాని జలతారు కాదు.

ఆటవస్తువుల సంగతియు నిట్టిదే. కడప జిల్లాలోని కొండాపురము మొదలుకొని జమ్మలమడుగు వైపు పరచుకొన్న నల్లరేగడి చేలలో జొన్న కోసిన దినములలో పిల్లవాండ్రకు బొమ్మల అంగడితో పనిలేదు. ఎండిన చొప్పదంటు నొకదానిని ఏరుకొని, పైబెరడును గోటితో చీల్చి పొడవైన ఈనెలుగా ఒలుచుదురు. లోపల తెల్లని మెత్తని బెండు మిగులును. బెండును తునకలుగా కోసి, ఈనెలను మేకులవలె గ్రుచ్చి కూర్చినచో కాడిమాను, నొగలు, చక్రములు గల బండి సిద్ధమగును. ఈనె ఒరసి వ్రేలు తెగుట కూడ ఆ విద్యలో నొక భాగమే. ఆ బండి సాయంకాలము వరకు నడచి, చీకటి పడునప్పటికి విరిగి, మరునాడు దూడ నోట పడును. బొమ్మ యొక్క అవసానమును ఇంతకన్న నిరపాయముగా ఏ శాస్త్రజ్ఞుడును యోచింపలేడు. ఇక ఆడపిల్లల వామనగుంటలకు ఇంటిముందరి నాపరాతి అరుగుమీద చెక్కిన గుంటలును, పిడికెడు చింతగింజలును చాలును.

కొని తెచ్చుకొను వానిలో రాజసము గలవి బువ్వలాటకు వాడు లక్కపిడతలు. అనకాపల్లి జిల్లాలో వరాహనదీ తీరముననున్న ఏటికొప్పాక ఈ లక్కపనికి ప్రసిద్ధి. అక్కడి పనివారు అంకుడుకర్రను లేతునకు బిగించి, గిరగిర తిరుగుచుండగా ఉలితో ఆకృతి తీర్చి, రంగు కలిపిన లక్కకడ్డీని ఆ తిరుగు కొయ్యకు ఒత్తిపట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి పూతగా అంటుకొనును. పిదప మొగలి ఆకుతో అదిమి రుద్దగా నునుపు తేలును. పసుపుకొమ్ము పచ్చదనము నిచ్చును, నీలిమొక్క నీలము నిచ్చును, జాఫ్రాగింజలు నారింజ కలిసిన ఎరుపు నిచ్చును. నడుమ రసాయనపు రంగులు ప్రవేశించి ఈ వర్ణములను మూలకు నెట్టగా, ఆ గ్రామమునకు చెందిన సి.వి. రాజు గారు ప్రకృతివర్ణముల విద్యను పునరుద్ధరించి పనివారికి అందించిరి; అందులకు 2023లో వారికి పద్మశ్రీ లభించినది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కలిగెను. కొండపల్లి బొమ్మలకు అంతకు పూర్వమే కలిగినది. కొండపల్లి పనివారు వాడునది తేలికయైన తెల్లపొణికి కర్ర. ఏనుగునకు తొండమును, బండికి ఎద్దులను అతికించునది చింతగింజల పిండితో రంపపుపొట్టు కలిపిన ముద్ద. ఆ కొయ్యలో గాని ఆ ముద్దలో గాని చెదపురుగు తినలేనిది ఒక్కటియు లేదు.

ఇప్పుడు ఏ తిరునాళ్లకైనను పోయి చూడుడు. ప్లాస్టికు పుల్లకు తగిలించిన బుడగ, నొక్కిన కూయు చిలుక, రెండు గంటలలో చక్రము ఊడు కారు, వీనికి తోడు ప్రతిదానికి ఒక కవరు. పిల్లల బట్టలును అట్లే మారినవి. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లకు రాయలసీమ యంతట పేరున్నది. పండుగనాడు ఆ అంగళ్లలో పిల్లల వరుసను చూచినచో పాలియెస్టరు గౌనులు, నైలాను జాలరులు, మెరపుబిళ్లలు అంటించిన చొక్కాలే కన్నుల కగపడును. అవి ఉతికినప్పుడెల్ల కంటికి కనబడని నూగు రాలి మురుగునీటిలో కలియును. ప్రకృతి పరిరక్షణకు పాటుపడు అంతర్జాతీయ సంస్థ ఐ.యు.సి.ఎన్. 2017లో వెలువరించిన నివేదిక ప్రకారము, సముద్రములలో చేరు ప్రాథమిక సూక్ష్మప్లాస్టికు కణములలో నూటికి 35 పాళ్లు ఇట్లు కృత్రిమ వస్త్రముల ఉతుకునుండి వచ్చునవే.

సముద్రము నెన్నడును చూడని కొండాపురము రైతు, తన మనుమని బుడగకును ఎక్కడి సముద్రతీరమునకును సంబంధమేమని అడుగవచ్చును. అందులకు సమాధానము పెన్నానది. నందికొండలలో పుట్టి, 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు దాటి ఊటుకూరు వద్ద బంగాళాఖాతమున కలియు ఈ నది, చిత్రావతిని కలుపుకొని గండికోట లోయలోనికి దిగునది కొండాపురము చెంతనే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాని ఒడ్డుననే వెలసిన పట్టణములు. అయినను న్యాయముగా చెప్పవలెనన్న, కొండాపురమున విసరిన సంచి తిన్నగా నెల్లూరు చెంతనున్న మైపాడు తీరమునకు చేరదు. త్రోవలో గండికోట, మైలవరము, సోమశిల అను మూడు జలాశయములున్నవి. మైలవరమునకు దిగువనున్న ప్రొద్దుటూరు చెత్తకు మాత్రము అన్ని అడ్డులు లేవు. సోమశిల యొక్కటే పెద్ద అడ్డు. వరదకాలమున గేట్లెత్తినప్పుడు పైన తేలుచుండు సరకునకు ఏ అడ్డును పూర్తిగా అడ్డు కాదు.

ఇంతకన్న దగ్గరి సంగతి యొకటి కలదు. గండికోట జలాశయము సామర్థ్యము 26.85 టీ.ఎం.సీ.లు; శ్రీశైలము నుండి అవుకు మీదుగా కృష్ణాజలములు వచ్చి దీనిని నింపును. ఆ నీటిక్రింద తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగి, జనులు పునరావాస కాలనీలకు తరలిపోయిరి. నీరు ఏటేట పెరుగుచు తగ్గుచు నుండుటచేత కొండాపురము మండలమునకు ఇప్పుడు సొంత తీరమొకటి ఏర్పడినది. మెట్టపొలముల నడుమ అలలు గల తీరము! నీరు వెనుకకు తగ్గినపుడు ఒండ్రుమట్టిమీద మిగులు గీతలో తంగేడు పుల్లలతోపాటు నీళ్లసీసాల మూతలు, పాన్‌మసాలా పొట్లములు, చెప్పులు, చేయి లేని బొమ్మలు చిక్కుకొనియుండును. గండికోట కోటను చూడవచ్చి గుడారములలో రాత్రి గడపు యాత్రికులు దీనికి తమ వంతు చేర్చుచున్నారు. ఈ జలమునే ఎత్తిపోసి పైడిపాలెము, చిత్రావతి జలాశయముల కంపుచున్నారు. పులివెందుల ప్రాంతమునకు దిక్కు ఆ నీరే. కావున తీరమును శుభ్రముగా నుంచుట అనునది విశాఖపట్టణము వారి షోకు కాదు.

పిల్లల బొమ్మయు సముద్రమును నేరుగా ఎదురుపడిన ఘట్టములు రెండు జగత్ప్రసిద్ధములు. 1992 జనవరి 10వ తేదీన ఉత్తర పసిఫిక్ మహాసముద్రమున తుపానులో చిక్కిన ఎవర్ లారెల్ అను ఓడనుండి కంటెయినర్లు నీటబడగా, అందొకదానిలోని 28,800 స్నానపుతొట్టి బొమ్మలు, అనగా పసుపు బాతులు, నీలి తాబేళ్లు, ఆకుపచ్చ కప్పలు, ఎర్ర బీవరులు, అలలపై బయలుదేరినవి. వానిని అంటించిన అట్ట కొద్దికాలమునకే నాని విడిపోయినది. బాతులు మాత్రము చెక్కుచెదరక కొన్ని నెలలకు అలాస్కా ఒడ్డున తేలినవి. కర్టిస్ ఎబ్బెస్‌మేయరు అను సముద్రశాస్త్రజ్ఞుడు అవి తేలిన చోటులను గుర్తించుచు, ఆ మహాసముద్ర ప్రవాహముల గతిని ఏండ్ల తరబడి లెక్కగట్టెను. శాస్త్రమునకు మేలే జరిగినది గాని, అట్టకును బాతునకును గల భేదమును ఆ సముద్రము తేటతెల్లము చేసినది. రెండవది 1997 ఫిబ్రవరి 13న ఇంగ్లండు నైరృతి కొస వద్ద టోకియో ఎక్స్‌ప్రెస్ అను ఓడనుండి జారిపడిన 62 కంటెయినర్ల కథ. అందొకదానిలో దాదాపు 48 లక్షల లెగో ముక్కలుండెను. వానిలో ఆక్టోపసులు, ఈతగాండ్ర రెక్కచెప్పులు ఉండుట విధివిలాసమే. కార్న్‌వాల్ ఇసుకలో అవి నేటికిని దొరకుచున్నవి. ఆ ప్లాస్టికు సముద్రములో నూరేండ్లు మొదలుకొని 1,300 ఏండ్ల వరకు నిలువగలదని ప్లిమత్ విశ్వవిద్యాలయము వారు 2020లో అంచనా కట్టిరి.

మన తీరమున శుభ్రపరచు యత్నములు లేకపోలేదు. 2022 ఆగస్టు 26న విశాఖలో గోకుల్ బీచి నుండి భీమిలి వరకు వేలాది జనులు బారులుతీరి ఒక్క ఉదయమున 76 టన్నుల ప్లాస్టికును ఏరిరని ప్రభుత్వము ప్రకటించినది. రుషికొండ బీచి 2020లో 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు పొంది, 2025 ఆరంభమున నిర్వహణలోపముచే దానిని కొన్నాళ్లు పోగొట్టుకొని, మరల సంపాదించుకొన్నది. నాకీ కార్యక్రమములయందు అనాదరము లేదు. అయితే చేతితొడుగులు వేసికొని ఛాయాచిత్రములు దిగినంత ఉత్సాహముతో ఎగువనుండి వచ్చు సరకును ఆపు పని జరుగుట లేదని మాత్రము అనక తప్పదు. 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడిన ఒకసారి వాడు ప్లాస్టికు వస్తువుల పట్టికలో బుడగల పుల్లలు, మిఠాయి పుల్లలు, ప్లాస్టికు జెండాలు స్పష్టముగా నున్నవి. ఏ తిరునాళ్లలో వీనిని ఆపిరి?

ఇట్లనుటచేత పాతదెల్ల బంగారమని నా అభిప్రాయము కాదు. రంగు వేసిన పాత బొమ్మలలో సీసము ఉండవచ్చును. మన దేశమున ఇంటి రంగులలో సీసమునకు పదిలక్షలలో 90 పాళ్లు అను హద్దు అమలులోనికి వచ్చినది 2017 నవంబరు 1 నుండి మాత్రమే. కావున అటకమీద దొరకిన పెచ్చులూడు బొమ్మను పాలుత్రాగు బిడ్డ నోటికి అందనీయరాదు. దానికి తగిన చోటు బొమ్మల కొలువు మెట్టు. ప్లాస్టికు బొమ్మయైనను పదిమంది బిడ్డల చేతులు మారి పదిహేనేండ్లు ఆడినచో దానిమీద నాకు కోపము లేదు. కోపమెల్ల రెండు గంటల ఆయుష్షు గలదానిని వెయ్యేండ్లు నిలుచు పదార్థముతో చేయు తెలివితక్కువ మీదనే. చట్టము సయితము ఈ భేదమును కొంత గ్రహించినది: 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు నాణ్యతాముద్ర తప్పనిసరి చేసినను, నమోదైన హస్తకళాకారులకును, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకును మినహాయింపు నిచ్చినది. ఆ మినహాయింపు లేకున్నచో ఏటికొప్పాక లేతులు ఆనాడే ఆగియుండెడివి.

మనము చేయదగిన పనులు పెద్దవి కావు. పొట్టియైన పావడను, బిగుతైన లాగును మూటగట్టి అటకపైకి ఎక్కింపక, నూలువైనచో పురుటింటికి, తక్కినవి ఎదుగు పిల్లలున్న ఇంటికి ఆ యేడే చేరవేయవచ్చును. అంగన్‌వాడీ కేంద్రములకు ఆడి విడిచిన మంచి బొమ్మలను కడిగి ఇయ్యవచ్చును. తిరునాళ్ల పెద్దలు అంగళ్లకు స్థలము వేలము వేయునప్పుడే నిషిద్ధ వస్తువులను అమ్మరాదని షరతు వ్రాయించి, కొయ్యబొమ్మలు, బొంగరములు అమ్మువారికి ఒక వరుస విడువవచ్చును. దసరా వేడుకలకు పేరుపడిన ప్రొద్దుటూరు దీనికి మొదలు పెట్టినచో తక్కిన ఊళ్లు అనుసరించును. గండికోటకు పోవు పాఠకులు పిల్లల చేత బుడగకు మారుగా బొంగరము పెట్టి తీసికొనిపోవలెననియు, వెంట తెచ్చిన సీసాలను, కవర్లను నీటి ఒడ్డున విడువక తమతో ఇంటికి తీసికొనిపోవలెననియు నా మనవి.