మీకు తెలుసా? ఓటునకు అర, మూడవ వంతు!

పసిఫిక్ మహాసముద్రమున, భూమధ్యరేఖకు చేరువగా, 21 చదరపు కిలోమీటర్ల వైశాల్యము మాత్రమే గల నౌరూ ద్వీపరాజ్యమున పార్లమెంటు ఎన్నిక వచ్చినపుడు, ఓటరు ఒక్క పేరునకు గుర్తు పెట్టి వెడలిపోవుటకు వీలులేదు. తన నియోజకవర్గమున నిలిచిన అభ్యర్థులందఱకును 1, 2, 3 అని వరుసగా అంకెలు వేయవలెను. మొదటి స్థానమునకు ఒకటి, రెండవదానికి అర, మూడవదానికి మూడవ వంతు, పదవదానికి పదవ వంతు చొప్పున విలువ కట్టి, ఆ భిన్నములన్నింటిని కూడగా ఎవరి మొత్తము అధికమో వారే విజేతలు. అనగా ఇద్దఱి రెండవ మక్కువ ఒకరి మొదటి మక్కువతో సరితూగునన్నమాట. లెక్కించువారికి చుక్కలు కనబడినచో వింత లేదు! ఈ పద్ధతిని 1971లో ప్రవేశపెట్టినవాడు అక్కడి న్యాయశాఖ కార్యదర్శి డెస్మండ్ డౌడాల్. ఓటు వేయుట నిర్బంధము. రాజకీయ పక్షములు నామమాత్రము.

2010 ఏప్రిల్‌లో ఎన్నిక జరుపగా, పాత సభ్యులు 18 మందియు తిరిగి గెలిచి, మునుపటివలెనే తొమ్మిదేసి మందిగా చీలి కూర్చుండిరి. అధ్యక్షుని ఎన్నుకొనవలసినది ఆ సభయే కాన, రాజ్యవ్యవహారము స్తంభించెను. జూన్‌లో మరల ఎన్నిక జరిపినను చిక్కు వెంటనే వీడలేదు. 2013 ఎన్నికల నాటికి ఒక స్థానమును పెంచి, సభను 19 మందితో బేసి చేసిరి.