వాదన వినని తీర్పు
సొంతూళ్లో భూమి, కాపురం టాటానగర్‌లో. సమన్లు పాత చిరునామాకు వెళితే డిక్రీ అవతలివారి చేతికి వెళుతుంది. దాన్ని తిరగతోడే దారి ఉంది, గడువే తక్కువ

స్టేషన్ పేరు టాటానగర్, ఊరి పేరు జంషెడ్‌పూర్. 1907లో ఏర్పాటైన టాటా ఉక్కు కంపెనీలో పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడే తరాలుగా స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లో రామమందిరమూ కట్టుకున్నాయి. కానీ తాతల నాటి పొలం వెంట రాదు కదా. చిక్కంతా అక్కడే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ ప్రకారం భూమి హక్కుల దావా సాధారణంగా భూమి ఉన్నచోటే వేయాలి. అంటే అన్నదమ్ముల్లో ఒకరు శ్రీకాకుళంలో దావా వేస్తే, జార్ఖండ్‌లో ఉన్న మరొకరికి సమన్లు అక్కడికి వెళ్లాలి. వాది ఇచ్చిన చిరునామాయే దానికి ఆధారం. రిటైరై కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసినవారికి ఆ కాగితం అందకపోవచ్చు. అప్పుడు కోర్టు అనుమతితో తలుపుకు అంటించడమో, పత్రికలో ప్రకటించడమో జరుగుతుంది. వాయిదా నాటికి ప్రతివాది రాకపోతే ఏకపక్ష విచారణ, ఆపై డిక్రీ. ఆ సంగతి ప్రతివాదికి అమలు నోటీసు వచ్చాకే తెలియవచ్చు.

దీనికి విరుగుడు అదే కోడ్‌లోని 9వ ఆర్డర్ 13వ రూల్. డిక్రీ ఇచ్చిన కోర్టులోనే రద్దు పిటిషన్ వేయాలి. సమన్లు సరిగా అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో రుజువు చేయాలి. గడువు 30 రోజులే. మామూలుగా దాన్ని డిక్రీ తేదీ నుంచి లెక్కిస్తారు. సమన్లు సక్రమంగా అందనప్పుడు మాత్రం డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారు. పత్రికా ప్రకటన వంటి ప్రత్యామ్నాయ పద్ధతిని ఈ గడువు విషయంలో సక్రమమైన అందజేతగా పరిగణించరాదని 1963 నాటి కాలపరిమితి చట్టం స్పష్టం చేస్తోంది. అందుకే ‘ఎప్పుడు తెలిసింది’ అన్న ప్రశ్నే కేసుకు ఆయువుపట్టు.

అయితే సమన్లలో చిన్న లోపం చూపితే సరిపోదు. వాయిదా సంగతి ముందే తెలిసి, హాజరయ్యే వ్యవధీ ఉందని తేలితే కోర్టు డిక్రీని రద్దు చేయదు.

ఆలస్యమైతే దారులన్నీ మూసుకుపోవు. మద్రాసు హైకోర్టు నుంచి వచ్చిన ఒక ఆస్తి హక్కు కేసులో 883 రోజుల జాప్యాన్ని సుప్రీంకోర్టు 1998లో మన్నించింది. ఎన్ని రోజులు ఆలస్యమన్నది కాదు, చెప్పిన కారణం నమ్మదగినదా అన్నదే ముఖ్యమంది. రద్దు పిటిషన్‌తోపాటు అప్పీలుకూ వెళ్లవచ్చు. కానీ అప్పీలు కొట్టేస్తే పిటిషన్ నిలవదని అదే కోర్టు 2004లో తేల్చింది. ఏ తలుపు ముందు తట్టాలో న్యాయవాదితో ఆలోచించుకోవడం అందుకే అవసరం.

మరో ప్రమాదం కూడా ఉంది. పిటిషన్ వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. స్టే విడిగా కోరాలి. లేదంటే వాదన సాగుతుండగానే పొలం చేతులు మారవచ్చు. కోర్టు ఖర్చులు చెల్లించమనో, డబ్బు డిపాజిట్ చేయమనో షరతు పెట్టవచ్చు.

ఇంతా చేసి గెలిస్తే దక్కేది పొలం కాదు. దావా మళ్లీ మొదలవుతుంది, అంతే. కాకపోతే ఈసారి కోర్టు రెండో పక్షం మాట కూడా వింటుంది.