బల్లమీదికి దిగివచ్చిన లెక్కల యంత్రం

నల్లకుంట నుంచి విశ్వవిద్యాలయం మీదుగా తార్నాక చేరి, లాలాపేట, మౌలాలి దాటిపోతే ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా వస్తుంది. సిటీ బస్సుల నొసట ఆ నాలుగక్షరాలు మనం నిత్యం చూసేవే. కాని మన దేశపు కంప్యూటర్ల బాల్యం అక్కడే గడిచిందని ఎందరికి తెలుసు?

కంప్యూటరంటే మొదట్లో గదులను మింగే భూతం. 1946లో అమెరికావారు లోకానికి చూపిన ఎనియాక్ బరువు సుమారు 30 టన్నులు. అందులో దాదాపు 18,000 వాల్వులు. అట్టి యంత్రం ప్రభుత్వాలకే గాని గృహస్థుకు అందుతుందా?

మన దేశంలో ఈ విద్యకు పూనుకున్న వారిలో మన తెలుగువారు అయ్యగారి సాంబశివరావుగారు ముఖ్యులు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు వారి స్వగ్రామం. ట్రాంబేలో అణుశక్తి పరిశోధనకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను మనమే చేసుకోవాలని పట్టుబట్టినవారు. ఆ పట్టుదలకు ఫలమే 1967లో హైదరాబాదులో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. రెండేళ్లకే, 1969లో, టి.డి.సి.-12 అనే కంప్యూటరు వచ్చింది. టి.డి.సి. అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. పూసలు గుచ్చినట్లు సన్నని తీగలకు గుచ్చిన చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలే దానికి జ్ఞాపకశక్తి! తరువాత 1974లో టి.డి.సి.-312, 1975లో టి.డి.సి.-316 వచ్చాయి.

ఇవన్నీ ప్రయోగశాలలకు, కర్మాగారాలకు, పెద్ద ఆఫీసులకు ఉద్దేశించినవి. ఆ కాలంలో ఎవరికైనా లెక్క కావాలంటే, దానిని కార్డుల మీద రంధ్రాలుగా పొడిపించి, యంత్రం గదిలో ఇచ్చి, తమ వంతు కోసం కాచుకోవలసిందే.

ఈ కాపలాను తప్పించినది గోరంత సిలికాన్ ముక్క. 1971లో ఇంటెల్ కంపెనీ లెక్కకట్టే భాగమంతా ఒక్క చిప్పులో ఇమిడ్చింది. 1975లో ఆల్టెయిర్ వచ్చింది. విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకోవాలి. వెల సుమారు 400 డాలర్లు. దానికి మీటల పలక లేదు, తెర లేదు. ఉన్నవి స్విచ్చులూ, మినుకుమినుకుమనే దీపాలూ. అయినా జనం ఎగబడ్డారు. ఎందుకు? అది తమ సొంతం! 1977లో ఆపిల్-2, 1981లో ఐ.బి.ఎం. పి.సి. వచ్చి ఆ ముచ్చటను వ్యాపారంగా మార్చాయి. మన ఇ.సి.ఐ.ఎల్. కూడా 1978లోనే మైక్రో-78 తయారుచేసింది.

కనుక పర్సనల్ కంప్యూటరు విశేషం చిన్నదవడం మాత్రమే కాదు. ఒకరి అనుమతి కోసం కాచుకోనక్కరలేకపోవడం. అయితే బల్లమీదికి వచ్చిన ఆ యంత్రానికి మన అక్షరాలు రావు. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ అంకెలు కేటాయించే యూనికోడ్ తొలి పట్టికలో, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. ఆ తరువాతనే క్రమంగా ఏ యంత్రంలో రాసిన తెలుగైనా మరొక యంత్రంలో చదవడం సాధ్యమయింది.

ఈ సెలవులలో అమ్మమ్మ చెప్పే కథ ఒకటి మీ పిల్లలచేత తెలుగు లిపిలోనే టైపు చేయించి చూడండి. యంత్రం మన సొంతమయిందన్న మాటకు పూర్తి అర్థం అప్పుడు తెలుస్తుంది.