తెరమీఁది రంగు లేల మాఱును?



జంగారెడ్డిగూడెపు మెట్టసీమలో పొగాకు పండించు రైతునకు రంగు విలువను వేఱొకరు బోధింపఁ బనిలేదు. బ్యారనులో ఆకు నిమ్మపండు చాయకు దిగిన నాఁడు అతని ముఖము వికసించును. పచ్చదనము నిలిచిపోయినచో వేలములో ధర తగ్గును. ఈ యూరి యువకుఁ డొకఁడు ఆ రైతు శ్రమను కెమెరాతోఁ బట్టి, చిన్న చిత్రముగాఁ గూర్చి, సినిమాహాలులోఁ బ్రదర్శింపఁ బూనె ననుకొందము. కంప్యూటరుపై బంగారువలె మెఱసిన యాకు తెరమీఁద వేఱు రంగునఁ గనఁబడినచో, చూచు రైతులు ఆకే పాడైన దనుకొందురు. ఇట్టి తప్పు లెట్లు పుట్టునో, వానిని ఎట్లు కనుఁగొనవలయునో నేఁడు ముచ్చటింతును.

డిజిటల్ చిత్రమున రంగులు అంకెల రూపమున నుండును. ఒక చీటిపై "పది" అని మాత్రము వ్రాసియున్న, అవి కుంచములో మానికలో తెలియక ధాన్యము కొలువఁజాలము గదా. రంగుల యంకెలును అట్టివే. టెలివిజనులో వాడుక యైన కొలతకు రెక్ 709 అని పేరు. అది ఎఱుపు, ఆకుపచ్చ, నీలముల పాళ్లను దెలుపును. సినిమాహాళ్లకై అమెరికా చిత్రసంస్థలు 2002లో డీసీఐ యను సంఘముగాఁ గూడి, 2005లో నియమములు ప్రకటించినవి. ఆ నియమముల ప్రకారము హాలునకుఁ బంపు చిత్రపు మూటను డీసీపీ యందురు. అందలి కొలత 1931లో అంతర్జాతీయముగా నిర్ణయింపఁబడిన ఎక్స్‌వైజెడ్. ఒక్కొక్క రాశికి 12 బిట్లు, అనఁగా 4096 మెట్లు.

కావున మొదటి కొలతను రెండవదానిలోనికి మార్పవలయును. ఆ మార్పు ఒక్కమాఱు మాత్రమే జరుగవలయును. అసలు జరుగనిచో, ప్రొజెక్టరు తన వంతు విడఁదీఁత తాను చేయును గనుక, రంగులు మితిమీఱి వికారమగును; తెలుపు కొంచెము గులాబి చాయకుఁ దిరుగును. రెండు మాఱులు జరిగినచో రంగులు ఒకదానిలో నొకటి కలసి వెలవెలఁబోవును.

రెండవ తప్పు నలుపుతెలుపుల హద్దులకు సంబంధించినది. 8 బిట్ల వీడియోలో నలుపు 16 వద్ద, తెలుపు 235 వద్ద నుండుట వాడుక. కంప్యూటరు చిత్రములలో అవి 0, 255. మొదటిదానిని రెండవదిగా నెంచినచో నలుపు బూడిదవలెఁ దేలును. రెండవదానిని మొదటిదిగా నెంచినచో నీడలలోని వివరములు నశించును.

మూఁడవది వెలుఁగు వంపు. దీనిని గామా యందురు. టెలివిజనునకు 2.4 వాడుక, సినిమాకు 2.6. ఈ భేదమును సవరింపనిచో చిత్రము చీఁకటిగాఁ దోఁచును.

తప్పును వెదకుటకుఁ గ్రమము కలదు. ఆ హాలులోనే వేఱొక చిత్రము చక్కగాఁ గనఁబడుచున్నదా? అట్లయిన దోషము మన మూటలోనిదై యుండును. మూల చిత్రము సరిగా నున్నదా? ఉన్నచో మార్పు జరిగిన తావునఁ దప్పు వెదకవలయును. మూలము ఏ కొలతలో నున్నదని మూటకట్టు సాఫ్ట్‌వేరునకుఁ జెప్పితిమో చూడవలయును. ఒక హెచ్చరిక: ఎక్స్‌వైజెడ్ ఎఱుఁగని కంప్యూటరులో మంచి డీసీపీ సైతము వింతరంగులతోఁ గనఁబడును. అది చూచి తొందరపడి రంగులు దిద్దినవాఁడు మంచిదానిని చెఱచుకొనును.

అన్ని హాళ్లును ఒకే పద్ధతి వాడవు. కావున ముందుగా నడిగి తెలిసికొనుఁడు. చిత్రమునకు ముందు నలుపునుండి తెలుపు వఱకు బూడిద మెట్లను, రంగుల పట్టీలను చేర్చి, ఆటలు మొదలుగాక మున్ను అయిదు నిమిషములు హాలులోఁ బరీక్షింపుఁడు. మెట్లలో చాయ పుట్టిన రంగుల మార్పును, నలుపు తేలిన హద్దులను, నడిమి మెట్లు చీఁకటియైన వంపును శంకింపవలయును.

ఆ పరీక్షకు రంగుల నిపుణుఁడు దొరకనిచో, పొగాకు రైతు నొకనిఁ బిలిచి కూర్చుండఁబెట్టుఁడు. ఆకు పాకమును గూర్చి యాతని కన్ను మోసపోదు.