మీకు తెలుసా? డీజిల్ ఇంజిన్ తన ఆయిల్‌నే తాగగలదు!

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి ఆ దారిలో డీజిల్ క్యాబ్‌లు రాత్రీపగలూ తిరుగుతున్నాయి. వాటిలోనే కాదు, ప్రతి ఇంజిన్‌లోనూ పిస్టన్ రింగులు దాటి కొంత గ్యాస్ క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. అది ఆయిల్ తుంపరను వెంటేసుకుని, బ్రీదర్ పైపు గుండా ఇంజిన్ పీల్చే గాలిలోనే మళ్లీ కలుస్తుంది. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి మళ్లించే ఇ.జి.ఆర్. పంపే మసి తోడైతే, గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్‌లో తారులాంటి జిడ్డు పేరుకుంటుంది. పికప్ కోసం ఇంజిన్ ఆపకుండా గంటలు నిలబెట్టే బండ్లలో ఈ బెడద మరీ ఎక్కువ.

దీన్ని తగ్గించడానికి ఆ బ్రీదర్ పైపు మధ్యలో పెట్టేదే క్యాచ్ క్యాన్. లోపలి అడ్డురేకులకు తగిలి తుంపర అడుగుకు దిగుతుంది, గ్యాస్ ముందుకు సాగుతుంది. అడ్డురేకులు లేని ఉత్త డబ్బా బిగిస్తే పెద్దగా లాభం లేదు.

దీన్ని సొంతంగా చేసుకునేవారికి అసలు ప్రమాదం వేరే ఉంది. సన్న గొట్టం వాడినా, దారి పూడినా క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు కారతాయి. డబ్బాలో స్టీల్ పీచు కుక్కితే పోగులు ఊడి టర్బోలోకి పోవచ్చు. డబ్బా నిండి ఆయిల్ ఒక్కసారిగా లోపలికి వెళితే ఇంజిన్ దాన్నే మండించుకుని, తాళం తిప్పినా ఆగకుండా పరుగెత్తవచ్చు!

వేడిని, ఆయిల్‌ను తట్టుకునే గొట్టమే వాడండి, డబ్బా నిండకముందే ఖాళీ చేయండి, గ్యాస్‌ను బయటి గాలిలోకి మాత్రం వదలకండి. వారంటీ ఉన్న బండి జోలికి వెళ్లకండి.