పిల్లల లంచ్‌బాక్స్: వేడికీ గోరువెచ్చనకూ మధ్య

ఎల్‌కేజీ, యూకేజీ చదివే పిల్లల మధ్యాహ్న భోజనం తెలుగు పట్టణాలలో సాధారణంగా ఉదయం ఏడున్నర లోపు బాక్సులోకి చేరి, పన్నెండున్నర ప్రాంతంలో తిరిగి తెరుచుకుంటుంది. ఈ ఐదు గంటలూ అన్నం వెచ్చగా ఉండాలన్నది ఇంట్లో పెద్దల కోరిక కాగా, ఆహార భద్రత దృష్టితో చూస్తే ఆ వెచ్చదనమే అన్నిటికన్నా ఇబ్బందికరమైన స్థితి. ఆహారం ద్వారా జబ్బు కలిగించే బాక్టీరియాలో అధిక భాగం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వృద్ధి చెందుతాయి. అందులోనూ 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాటి పెరుగుదల అతి చురుకుగా సాగుతుంది. చేతికి హాయిగా, నోటికి కమ్మగా తోచే గోరువెచ్చని అన్నం ఉండేది సరిగ్గా అక్కడే. కనుక బాక్సులోని పదార్థం 60 డిగ్రీలకు పైన నిలవాలి, లేదా బాగా చల్లగా ఉండాలి, ఆ రెండూ కుదరనప్పుడు సూక్ష్మజీవులకు గిట్టనంత పుల్లగానో పొడిగానో ఉండాలి.

అన్నానికి సంబంధించి ముందుగా చెప్పుకోవలసినది బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా గురించి. మట్టిలో నివసించే ఈ జీవి పైరు ద్వారా వడ్లకూ, అక్కడి నుంచి బియ్యానికీ చేరుతుంది. పరిస్థితులు అనుకూలించనప్పుడు సిద్ధబీజాలుగా, అంటే దళసరి పొరల మధ్య ఎండనూ వేడినీ తట్టుకుంటూ నిద్రాణంగా ఉండిపోయే కణాలుగా మారుతుంది. అన్నం ఉడికే వేడికి మామూలు బాక్టీరియా నశిస్తాయి గాని ఈ సిద్ధబీజాలలో కొన్ని మిగిలిపోతాయి. అన్నం చల్లారి గోరువెచ్చన అయ్యేసరికి, పోటీకి వేరే జీవులు పెద్దగా లేని ఆ తావులో అవి మొలకెత్తి విభజన మొదలుపెడతాయి. ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపయ్యే కణం ఐదు గంటలలో పదిహేనుసార్లు రెట్టింపై 32,768 కణాలవుతుంది. మొలకెత్తడానికి కొంత వ్యవధి పడుతుంది గనుక ఉదయం వండిన అన్నంలో ఈ లెక్క మొదటి నిమిషం నుంచే నడవదు. రాత్రి వండి గట్టుమీద వదిలేసిన అన్నంలో మాత్రం అది తెల్లవారేసరికి చాలా దూరం వెళ్లి ఉంటుంది.

ఈ బాక్టీరియాలో కొన్ని రకాలు సెరియులైడ్ అనే విషపదార్థాన్ని ఆహారంలోనే విడుదల చేస్తాయి. అది కడుపులోకి వెళ్లిన అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. 121 డిగ్రీల వద్ద గంటన్నర ఉంచినా అది చెడిపోదు గనుక మళ్లీ వేడి చేయడం వల్ల బాక్టీరియా చస్తుందే గాని విషం పోదు. 1970లలో బ్రిటన్‌లో చైనా వంటకాల రెస్టారెంట్లలో ఫ్రైడ్‌రైస్ తిన్నవారికి ఇలాంటి వాంతులు పట్టుకున్నప్పుడు, ముందుగా ఉడికించి గది వేడిమిలో వదిలేసిన అన్నమే కారణమని తేలింది. రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున్నే తాలింపు పెట్టి బాక్సులో సర్దడం తెలుగు ఇళ్లలో మామూలే. నూనె ఎంత చిటపటలాడినా, చింతపండు పులుసు ఎంత కలిపినా రాత్రి తయారైన విషం అలాగే ఉంటుంది. అన్నం తప్పనిసరిగా మిగుల్చుకోవలసి వస్తే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి త్వరగా చల్లార్చి, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టడమొక్కటే మార్గం.

మరో రెండు జీవుల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ముక్కులోనూ చేతి చర్మం మీదా ఉండే స్టాఫిలోకాకస్ ఆరియస్ చేత్తో కలిపిన అన్నంలోకి దిగుతుంది, దాని విషం కూడా వేడికి లొంగదు. అందుచేత బాక్సుకు పెట్టే అన్నం శుభ్రమైన గరిటెతో కలపడం మేలు. మాంసం కూరలు పెద్ద గిన్నెలో నెమ్మదిగా చల్లారేటప్పుడు పెరిగే క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్‌కు 45 డిగ్రీల ప్రాంతం మహా ప్రీతి.

ఇక వేడిని నిలిపే పాత్ర సంగతి. స్కాట్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవార్ 1892లో రెండు గోడల మధ్య గాలిని తీసివేసిన పాత్రను రూపొందించినది ద్రవరూపంలోని వాయువులను చల్లగా ఉంచడానికే తప్ప అన్నం వేడిగా ఉంచడానికి కాదు. శూన్యంలో ఉష్ణవహనం, అంటే పదార్థం గుండా వేడి పాకడం జరగదు. ఉష్ణసంవహనం, అంటే కదిలే గాలి వేడిని మోసుకుపోవడమూ జరగదు. మిగిలిన ఉష్ణవికిరణాన్ని, అంటే కిరణాల రూపంలో పోయే వేడిని గోడల మెరుపు చాలావరకు అడ్డుకుంటుంది. పిల్లల స్టీలు ఫుడ్‌జార్ ఈ సూత్రంతోనే పనిచేస్తుంది. గోడల మధ్య నురుగు ప్లాస్టిక్ నింపిన హాట్‌బాక్సు అంతకంటే బలహీనం, రేకు చుట్టిన మామూలు స్టీలు డబ్బా మరీ బలహీనం.

అయితే ఏ జార్ అయినా వేడిని పుట్టించదు, ఇచ్చినదాన్ని దాచుతుంది. చుట్టూ గాలి 30 డిగ్రీలు ఉందనుకుంటే, 85 డిగ్రీల అన్నాన్ని ఐదు గంటల తరువాత 60 డిగ్రీల వద్ద ఉంచగల జార్‌లోనే 70 డిగ్రీల అన్నం పెడితే, పరిసరాలతో ఉన్న తేడాకు అనుపాతంలో వేడి తగ్గుతుందన్న న్యూటన్ సూత్రం ప్రకారం, అది సుమారు రెండు గంటల ఇరవై నిమిషాలకే 60కి దిగిపోతుంది. పిల్లవాడి నోరు కాలుతుందేమోనని అన్నం కాసేపు ఆరబెట్టి, ఆ తరువాత ఖరీదైన జార్‌లో బిగించడం అన్నిటికన్నా చేటు. అప్పుడా జార్ 40 డిగ్రీలను గంటల తరబడి భద్రంగా కాపాడుతూ సూక్ష్మజీవులకు కొలువు చేస్తుంది. చల్లని స్టీలు గోడ కూడా కొంత వేడిని తాగుతుంది: 120 గ్రాముల లోపలి గోడ, 200 గ్రాముల అన్నం అనుకుంటే విశిష్టోష్ణాల లెక్కన నాలుగైదు డిగ్రీలు అక్కడే పోతాయి. అందుకే మరిగే నీళ్లు పోసి ఐదు నుంచి పది నిమిషాలు మూత పెట్టి ఉంచి, ఒంపేసి, పొగలు కక్కే అన్నాన్ని వెంటనే నింపడం. సగం నింపిన జార్ నిండు జార్ కంటే చాలా వేగంగా చల్లారుతుంది. చిన్న కడుపుకు తగ్గ చిన్న జార్ కొనడమే తెలివి.

60 డిగ్రీల పదార్థం చిన్నపిల్లల లేత చర్మాన్ని క్షణాలలో కాల్చగలదన్నది దీనికి అవతలి పక్క. మూత విప్పి, పళ్లెంలో పరిచి, ఆరిన తరువాత తినిపించే ఆయమ్మ బడిలో ఉంటేనే ఫుడ్‌జార్ పద్ధతి మూడు, నాలుగేళ్ల పిల్లలకు తగినది. లేనిచోట వేడి మీద పట్టుదల వదులుకోవడం మంచిది. చపాతీ, ఉప్మా, ఇడ్లీ అంటూ పొద్దుటి ఫలహారాన్నే బాక్సుకు పెట్టేవారు చపాతీని ఎంచుకోవడంలో శాస్త్రం ఉంది: పూర్తిగా కాలి పొడిగా ఉన్న చపాతీలో సూక్ష్మజీవులకు అందే నీరు తక్కువ, ఉప్మాలో ఎక్కువ. అదే రోజు వండిన అన్నంతో చేసిన పులిహోర కూడా ఆ కోవలోదే. ఆమ్లత్వాన్ని కొలిచే పి.హెచ్. విలువ 4.6 కంటే తగ్గినప్పుడు విషాహార బాక్టీరియాలో చాలావాటి పెరుగుదల ఆగిపోతుంది. అయితే పులుపు ప్రతి మెతుక్కీ పట్టాలి, పిల్లల కోసమని చప్పగా కలిపిన పులిహోరకు ఆ రక్షణ ఉండదు.

మధ్యాహ్నానికి పులిసిపోకూడదని గోరువెచ్చని అన్నంలో పాలు పోసి, చెంచాడు పెరుగు తోడువేసి పంపే పద్ధతిలో ఒక పరుగుపందెం నడుస్తుంది. తోడులోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ముందుగా పుంజుకుంటే ఆమ్లం పెరిగి తక్కినవి అణగిపోతాయి. తోడు పాతదై నీరసంగా ఉన్నా, మరీ తక్కువ వేసినా ఆమ్లం ఆలస్యంగా వస్తుంది. తాజా పెరుగునే ధారాళంగా కలిపి, ఫ్రిజ్‌లో చల్లబరిచి, పక్కన గడ్డకట్టించిన జెల్ ప్యాక్ పెట్టి పంపితే ఆ సందేహం ఉండదు. పరిసరాలు 32 డిగ్రీలు దాటిన రోజుల్లో, వేడిగానూ చల్లగానూ లేని వండిన పదార్థానికి రెండు గంటల గడువును ఒక గంటకు కుదించుకోవాలి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యేసరికి మన వాతావరణం ఆ గీత దాటే ఉంటుంది.

కొత్త జార్ పనితనాన్ని ఒక సెలవు రోజున తేల్చుకోవచ్చు: రోజూ పెట్టేంత అన్నం రోజూ పెట్టే వేళకే నింపి, పన్నెండున్నరకు వంటింటి థర్మామీటరును మధ్యలో గుచ్చి చూస్తే చాలు. ఆ కొలత ప్రతి వేసవిలో ఒకసారి తిరిగి తీసుకోవాలి. దెబ్బ తగిలిన జార్‌లో శూన్యం పోతే పైకి ఏమీ కనిపించదు, వేడన్నం నింపినప్పుడు బయటి గోడ వెచ్చబడటమొక్కటే దాని ఆనవాలు. మూత రబ్బరును మాత్రం ప్రతి సాయంత్రం ఊడదీసి కడగాలి. దాని గాడిలో ఇరుక్కున్న మెతుకు మరునాటి అన్నానికి తొలి విత్తనం అవుతుంది.